కానుక సరే, వాటా మాటేమిటి?

మన నాయకుల ప్రసంగాల్లో మగవాడు 'సామాన్యుడు'. కాస్త గౌరవం కలపాల్సి వచ్చినప్పుడు రైతన్న, నేతన్న, కార్మిక సోదరుడు అవుతాడు. ఆ పేర్లలో అతని పని ఉంటుంది. మన పేర్లలో మాత్రం పని ఉండదు, చుట్టరికం ఉంటుంది. ఆడపడుచులు, అక్కచెల్లెమ్మలు, తల్లులు, ఆడబిడ్డలు. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ, కోత కోసేదీ ఆడవాళ్ళే అయినా 'రైతక్క' అని ఏ వేదిక మీంచీ ఎవరూ పిలవగా నేను వినలేదు. 'పౌరురాలు' అన్న మాట అయితే పాఠ్యపుస్తకం దాటి మైకు దాకా రానేలేదు.

ఆప్యాయంగా పిలిస్తే తప్పేమిటి, మన సంస్కృతే అంత కదా అంటారు. నిజమే. గాజువాక నుంచి జగదాంబ వెళ్ళే సిటీ బస్సులో కండక్టరు నన్ను అమ్మా అంటాడు, నేను బాబూ అంటాను. చేపలమ్మే ఆవిడని నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను అమ్మా అంటుంది, ఆ తర్వాత ఇద్దరం ధర దగ్గర గట్టిగా దెబ్బలాడుకుంటాం. ఆ వరసల్లో రెండు వైపులా నోళ్ళున్నాయి. బేరం ఉంది, కోపం ఉంది, కాదు పొమ్మనే హక్కు ఉంది. వేదిక మీంచి వచ్చే వరసకి తిరుగు వరస లేదు. ఆయన నన్ను చెల్లెమ్మా అన్నాక నేను 'అన్నా, ఆ లెక్క చెప్పు' అనడానికి దారి లేదు. నా పేచీ వరసతో కాదు, ఈ ఒంటి వైపు వరసతో.

అసలు 'ఆడపడుచు' అనే మాటనే కాస్త విప్పి చూద్దాం. ఎన్.టి. రామారావు 1982లో పార్టీ పెట్టి చైతన్యరథం మీద ఊరూరా తిరిగినప్పుడు ఈ మాటకి రాజకీయ హోదా వచ్చింది. తెలుగింటి ఆడపడుచు అంటే ఎవరు? పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చి, చీరా సారే పసుపూ కుంకుమా అందుకుని, వెళ్ళిపోవాల్సిన మనిషి. ఆమెకి పుట్టింట్లో లాంఛనాలు ఉంటాయి. వాటా ఉండదు. వాటా అడిగిన మర్నాడు ఆమె ఆడపడుచు కాదు, గయ్యాళి. కానుక ఇచ్చినంతసేపూ ఆ ఇంట్లో ప్రేమకి లోటుండదు. పొలం కాయితాలు బయటికి తీస్తేనే ప్రేమ మొహం మారుతుంది. ఇది మనందరికీ ఇళ్ళల్లో తెలిసిన సంగతే. ఈ మాటని ఇంటి గడప దాటించి రాష్ట్రం మొత్తానికి పరిచినప్పుడు దాని అర్థం కూడా కూడా వచ్చింది.

రామారావు ప్రభుత్వమే ఆడపిల్లకి తండ్రి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిందన్న మాట నిజం. హిందూ వారసత్వ చట్టానికి చేసిన ఆ రాష్ట్ర సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఆ చట్టంలో ఉన్న మాట 'ఆడపడుచు' కాదు, 'కుమార్తె'. పైగా ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కుమార్తెలకి ఆ హక్కు లేదని అందులోనే రాశారు. వేదిక మీద కోట్లాది ఆడపడుచులు, చట్టంలో పెళ్ళికాని కుమార్తెలు. ఒకే ప్రభుత్వం, ఒకే కాలం. మాట్లాడే చోటు మారేసరికి మనిషి మారిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మనల్ని ఏ మాటతో పిలుస్తారన్నది ఆ నాయకుడి మనసు మీద కన్నా, అతను ఏ సాధనంలో మాట్లాడుతున్నాడన్నదాని మీదా, ఆ సాధనంలో మనకి ఇస్తున్నాడా మన దగ్గర తీసుకుంటున్నాడా అన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. ఇచ్చే చోట చుట్టరికం. తీసుకునే చోట సర్వే నంబరు.

ముందు ఇచ్చే చోట్లు చూద్దాం. వేదిక ఒకటి. 2019 ఎన్నికల ముందు చంద్రబాబు నాయుడు ప్రభుత్వం డ్వాక్రా సభ్యురాళ్ళకి తలా 10,000 రూపాయలు ఇచ్చింది. దానికి పెట్టిన పేరు 'పసుపు-కుంకుమ'. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి ఇచ్చేదాని పేరునే ప్రభుత్వ ఖజానా డబ్బుకి పెట్టారు! ఆ తర్వాత వచ్చిన జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం 2020లో అమ్మ ఒడి, చేయూత, ఆసరా మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి సభావేదిక మీద బటన్ నొక్కుతారు, 'నా అక్కచెల్లెమ్మల' ఖాతాల్లో డబ్బు పడుతుంది. ఆ 'నా' ఎంత చిన్న మాటో అంత బరువైన మాట. 2024లో ప్రభుత్వం మారింది. 'తల్లికి వందనం' వచ్చింది, 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు 'స్త్రీశక్తి' పేరుతో వచ్చింది. పార్టీలు మారినా వరసలు మారలేదు.

రెండోది గొంతు. టీవీలో 'డయల్ యువర్ సి.ఎం.' చూసిన తరం మాది. 2014 అక్టోబరు నుంచి ప్రధాని 'మన్ కీ బాత్' రేడియోలో వస్తోంది. ఎక్కడో ఒక మారుమూల ఊళ్ళో ఒక మామూలు స్త్రీ ఏదో సాధించిందని ఆయన పేరుపెట్టి చెబుతారు. విన్నవాళ్ళకి ముచ్చటేస్తుంది. ఆమె తన ఊరికి నీళ్ళు ఎందుకు రాలేదో చెప్పదలచుకుంటే ఆ కార్యక్రమంలో చోటుంటుందా? ఇక ఎన్నికలప్పుడు ఫోన్లు. 2024 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నా ఫోను మోగింది. ఎత్తితే ఒక పెద్ద నాయకుడి గొంతు. అమ్మా బాగున్నారా అంది. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం, అందరూ చేసేదే. బాగాలేమండీ, మా వీధిలో నీళ్ళు రావడం లేదు అన్నాను, అది రికార్డని తెలిసే అన్నాను. చాలా సంతోషం తల్లీ అన్నట్టుగా ఆ గొంతు తన ధోరణిలో తను సాగిపోయింది. చివర్లో ఒకటి నొక్కమంది, లేకపోతే రెండు నొక్కమంది. ఒక పౌరురాలిగా నాకు మిగిలిన భాష ఆ రెండు అంకెలు.

మూడోది అర్జీ. ఇది ప్రజలు మాట్లాడే సాధనం కదా అని అడగొచ్చు. స్పందన అన్నారు, 2023లో 'జగనన్నకు చెబుదాం' అన్నారు, 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో 'మన మిత్ర' అంటున్నారు. వీటివల్ల పనులు అవుతున్నాయని నేనూ ఒప్పుకుంటాను. కులధృవీకరణ పత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పితే అది ఆడవాళ్ళకే ఎక్కువ మేలు. కానీ అర్జీలో 'నా పింఛను' అడగొచ్చు, 'మా ఉక్కు ఫ్యాక్టరీని అమ్మడానికి మీరెవరు' అని అడగలేం. ఆ ప్రశ్న ఏ మెనూలోనూ లేదు. అర్జీ మనిషిని ఒంటరిని చేస్తుంది. ఒక్కొక్క అక్క, ఒక్కొక్క చెల్లెమ్మ తన తన కష్టంతో వరసలో నిలబడుతుంది. పక్కనున్న ఆమెతో కలిసి 'మేం' అని అనే చోటు అందులో లేదు.

ఇప్పుడు తీసుకునే చోట్లు చూద్దాం. దానికి మా ఊరిని మించిన ఉదాహరణ లేదు.

'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో ఉద్యమం లేచింది. ఆ నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమంలో రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ తేదీలన్నీ మా పిల్లలు కూడా అప్పజెబుతారు. ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా గ్రామాల వాళ్ళ దగ్గర 20 వేల ఎకరాల పైచిలుకు భూమి తీసుకున్న సంగతి మాత్రం నినాదంలో పట్టలేదు. ఆ భూములు 1894 నాటి భూసేకరణ చట్టం కింద పోయాయి. ఆ చట్టం భూమి పోగొట్టుకునేవాళ్ళని 'ఆసక్తిగల వ్యక్తులు' అంటుంది. అన్నాతమ్ముడూ, అక్కాచెల్లీ ఎవరూ లేరు. పట్టా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే వ్యక్తి. ఆ పేరు దాదాపు ఎప్పుడూ మగవాడిదే. జీడితోటలో పిక్కలు ఏరుకుని, తాటాకు తెచ్చుకుని, గొడ్లు మేపుకుని బతికిన ఆడమనిషికి ఆ చట్టం దృష్టిలో పోయిందేమీ లేదు, ఎందుకంటే ఆమెకి ఉన్నదేమీ కాయితంలో లేదు.

నిర్వాసిత కుటుంబాలకి ఇచ్చిన పునరావాస కార్డుని ఇక్కడ 'ఆర్ కార్డు' అంటారు. ఇంటికో ఉద్యోగం అన్నారు. కొన్ని వేల మందికి వచ్చింది. ఇంకా కొన్ని వేల మంది ఎదురుచూస్తూనే ముసలివాళ్ళయ్యారు. కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో ఒకసారి నా పక్కన కూర్చున్న మామ్మ అన్న మాటలు ఇవి: "కారుడు మా ఆయన పేరున ఉందమ్మా. ఆయన పోనాడు. పెద్దోడికి ఉజ్జోగం ఒస్తాదన్నారు. ఆడికీ ఏభై దాటీసినాయి. నా పేరు ఏ కాయితంలోనూ నేదమ్మా." ఆమె ఏడవలేదు. ఊరికే చెప్పింది, వాన రాలేదని చెప్పినట్టు. ఇదే మామ్మ పింఛను పుస్తకంలో ఉంది, చీరలు పంచినప్పుడు పిలిచే జాబితాలో ఉంది, ఓటర్ల జాబితాలో తప్పకుండా ఉంది. కానుకల కాయితాలన్నిట్లో ఉన్న మనిషి వాటాల కాయితం ఒక్కదాంట్లోనూ లేదు. 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం వితంతువుల్నీ, విడాకులు పొందినవాళ్ళనీ, కుటుంబాలు వదిలేసిన ఆడవాళ్ళనీ విడి కుటుంబాలుగా లెక్కించమంది. ఆ బుద్ధి పుట్టేనాటికి మా ఊళ్ళు లేచిపోయి నాలుగు దశాబ్దాలు.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటా నూటికి నూరుశాతం అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ సంగతి ఈ ఊరికి ఎలా తెలిసింది? సభ పెట్టి 'ప్రియమైన విశాఖ సోదరీమణులారా' అని చెప్పారా? పెట్టుబడుల ఉపసంహరణ శాఖ కార్యదర్శి ఫిబ్రవరి మొదటివారంలో ఇంగ్లీషులో చేసిన ఒక ట్వీటు ద్వారా తెలిసింది. అందులో అక్కలు లేరు, చెల్లెళ్ళు లేరు, ఆంధ్రులు కూడా లేరు. ఈక్విటీ ఉంది. మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, లోక్‌సభలో విశాఖ ఎంపీ అడిగిన ప్రశ్నకి ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లిఖితపూర్వక జవాబిచ్చారు. ఈ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా ఏమీ లేదన్నది ఆ జవాబు సారాంశం. అవసరమైనప్పుడు సంప్రదిస్తామని కూడా అన్నారు.

పుట్టింటి ఆస్తి అడిగిన ఆడపిల్లకి అన్నగారు చెప్పే జవాబు కూడా అక్షరాలా ఇదే కదా! నీకు వాటా లేదమ్మా, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తప్పకుండా పిలుస్తాం. ఆ రోజు రాష్ట్రం మొత్తం ఆడపడుచు అయిపోయింది. మన మగ నాయకులందరికీ ఒక్కసారిగా ఆత్మగౌరవం గాయపడింది. శాసనసభ మే నెలలో అమ్మొద్దని తీర్మానం చేసింది. మనం తరతరాలుగా వింటున్న జవాబు వాళ్ళకి అప్పుడే కొత్తగా వినిపించింది.

అప్పటినుంచి కూర్మన్నపాలెం కూడలికి రాని పార్టీ లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ వాడిన మాట 'త్యాగం'. భూములు త్యాగం చేసిన రైతులు, బిడ్డల్ని త్యాగం చేసిన తల్లులు. ఈ మాటని గట్టిగా నిలదీయాల్సి ఉంది. త్యాగం అంటే ఇష్టపడి ఇచ్చింది, తిరిగి అడగనిది. ఇక్కడ చట్టం తెచ్చి, నోటీసులిచ్చి తీసుకున్నారు, బదులుగా ఉద్యోగం ఇస్తామన్నారు, ఇవ్వలేదు. దాన్ని తెలుగులో బాకీ అంటారు. బాకీని త్యాగం అని పిలిస్తే బాకీదారు కూడా దండం పెట్టి వెళ్ళిపోవచ్చు. 2022 నవంబరు 12న ప్రధాని ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో సభ పెట్టి తెలుగులో పలకరించారు. వేదిక మీద ముఖ్యమంత్రి ఉక్కు సంగతి ఎత్తారు, ప్రధాని ప్రసంగంలో ఆ ఊసు రాలేదు. పలకరింపు తెలుగులో, నిర్ణయం ఇంగ్లీషులో, అడిగినదానికి మౌనం. ఈ మూడూ కలిపి చదివితేనే ఒక వాక్యం పూర్తవుతుంది.

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సొంత గనులు ఇవ్వకుండా ముడి ఇనుము మార్కెట్లో కొనుక్కోమన్న సంస్థకి అది ఊపిరే, కాదనను. అయితే ఆ ప్రకటనలో 2021 నాటి నిర్ణయాన్ని రద్దు చేస్తున్నామన్న మాట లేదు. అదే సంవత్సరం కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద సమ్మె జరిగింది. పేపర్లలో 'కార్మిక సోదరులు' అన్నారు. టౌన్‌షిప్పు ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్లలో గిన్నెలు తోమేవాళ్ళు సోదరుల్లో కలుస్తారో, అక్కచెల్లెమ్మల్లో కలుస్తారో ఎవరూ చెప్పలేదు. పనిచేసేటప్పుడు సోదరుల్లో కలవరు, పని పోయినప్పుడు అక్కచెల్లెమ్మల్లో కలవరు.

ఫ్యాక్టరీ దగ్గరే ఆగనక్కర్లేదు. ఫిషింగ్ హార్బరుకి తెల్లవారుజామున వెళ్ళి చూడండి. వేటకి వెళ్ళేది మగవాళ్ళు. ఒడ్డుకి వచ్చిన చేపని వేలంలో పాడేది, గంపకెత్తేది, ఎండబెట్టేది, ఊళ్ళో తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే భృతి 10,000 నుంచి 2025లో 20,000 రూపాయలైంది. అది పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళకి. పడవ ఆగితే గంప ఆగదా? చేప లేని రెండు నెలలు ఆమె ఏం అమ్మాలి? ఇంటాయనకి వస్తే ఇంటికి వచ్చినట్టే అంటారు. అయితే మొగుడు లేని గంపల మాటేమిటి? అదే మనిషిని ఎన్నికల ముందు పేటలోకి వచ్చి అమ్మా అని కౌగిలించుకుని ఫోటో తీయించుకుంటారు. ఆమెని తల్లిగా చూడ్డం సులువు, చేపల వ్యాపారిగా చూడ్డమే కష్టం. వ్యాపారి అంటే లెక్క ఉంటుంది.

ఇక్కడ ఒక అపార్థానికి చోటివ్వకూడదు. 'ఉచితాలతో జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు' అని పళ్ళు నూరే పెద్దమనుషుల జట్టులో నేను లేను. పదివేల రూపాయలు పదివేల రూపాయలే. అది చేతికొచ్చిన నెలలో ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా పిల్ల కాలేజీ ఫీజు కట్టిన ఆడవాళ్ళు నాకు తెలుసు. ఉచిత బస్సెక్కి చాలా ఏళ్ళకి అక్కని చూసొచ్చిన మనిషి నాకు తెలుసు. జీతం లేని చాకిరీతో ఈ దేశాన్ని మోస్తున్నవాళ్ళకి అది ఉచితమూ కాదు, దయా కాదు. నేను అనేది అదే. మనకి రావాల్సినదాంట్లో ఒక ముక్కని 'కానుక' అని పేరుపెట్టి ఇస్తే, మిగతాది అడిగే నోరు మూతబడుతుంది. పుచ్చుకున్న చెయ్యి లెక్క అడగదని వాళ్ళ ధైర్యం. డబ్బు తీసుకుందాం, పేరు మాత్రం మార్పిద్దాం.

పేరు మార్చిన చరిత్ర మనకి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం వచ్చింది. సారా వల్ల పాడైన ఇంటి కథ. ఒక మామూలు ఆడమనిషిని ప్రభుత్వమే సృష్టించి, అచ్చువేసి, పంచింది. అప్పటిదాకా జరిగినదానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఆ పాఠం ఆడవాళ్ళు రాత్రిపూట గుంపుగా కూచుని చదివారు. చదివి ఊరుకోలేదు, సీతమ్మ మా ఊళ్ళో అయితే ఏం చేసేదని మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో రోసమ్మతో కలిసి సారా దుకాణం మూయించారు. మంటలా పాకి 1993 అక్టోబరుకి సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో రామారావు ప్రమాణస్వీకారం చేస్తూనే మద్యనిషేధం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. 1997లో ఖజానా లెక్క చూపించి దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ. కానీ ఆ కొద్దికాలం ఆడవాళ్ళు రాజ్యం పిలిచిన పేరుతో పలకలేదు, ఆ పేరుని లాక్కుని తమ పనికి వాడుకున్నారు. ఒంటరిగా వినే ఫోనులో, ఒంటరిగా అందుకునే ఖాతాలో అది సాధ్యం కాదు. కలిసి చదివే చోట సాధ్యమైంది.

2023 సెప్టెంబరులో చట్టసభల్లో మూడోవంతు స్థానాల చట్టం పార్లమెంటులో గెలిచింది. దానికి పెట్టిన పేరు 'నారీశక్తి వందన్ అధినియమ్'. హక్కుకి కూడా వందనమని పేరు పెట్టగలిగారు! జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులోనే రాసుకున్నారు. 2024 ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. వందనం నగదు, వాటా వాయిదా.

రాసే మనం, చదువు చెప్పే మనం ఏం చేయగలం? మాటలు మన పనిముట్లు కాబట్టి మాటల దగ్గరే మొదలుపెడదాం. మీ ఊళ్ళో ఈసారి సభ జరిగినప్పుడు, రికార్డు ఫోను వచ్చినప్పుడు, గెజిట్ వచ్చినప్పుడు, జీవో వచ్చినప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుని రాయండి. ఎక్కడ అక్క అన్నారు, ఎక్కడ లబ్ధిదారు అన్నారు, ఎక్కడ ఆక్రమణదారు అన్నారు, ఎక్కడ అసలు ఏమీ అనలేదు. ఆ పుస్తకం పట్టుకుని పదిమంది ఆడవాళ్ళ మధ్య కూచుని గట్టిగా చదవండి. 'సామాన్య స్త్రీ' అని మన కథల్లో, పరిశోధనల్లో రాసేటప్పుడు ఆమె ఏం పని చేస్తుందో, ఏ కాయితంలో ఆమె పేరు లేదో అది కూడా రాద్దాం.

నాయకుల్ని అడగాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. వేట నిషేధ భృతిలో చేపలమ్మే స్త్రీల పేర్లు రాయండి. ఆర్ కార్డుల బాకీ ఎంతో, అందులో ఎంతమంది వితంతువులున్నారో ఊరివారీగా ప్రకటించండి. ఉక్కు గురించి తీసుకునే ఏ నిర్ణయమైనా ముందు తెలుగులో, కూర్మన్నపాలెంలో, మా మొహాలు చూస్తూ చెప్పండి, చెప్పాక మా జవాబు వినేదాకా అక్కడే ఉండండి. అప్పుడు అక్కా అని పిలిస్తే పలుకుతాం. అన్నా అని మేమూ పిలుస్తాం. పిలిచి వాటా అడుగుతాం.